ఇరవై రెండు వాక్యాల పనితనం

టొరంటోకి పడమరగా ఉన్న మిల్టన్‌లో 2006లో 54 వేలకు కాస్త తక్కువ జనాభా ఉండేది. 2021 లెక్కల నాటికి అది 1,32,979 అయింది. పెరిగినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. తెల్లారేసరికి గో రైలెక్కి టొరంటోలోని యూనియన్ స్టేషన్‌లో దిగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, రాత్రి డ్యూటీలు చేసే నర్సులు, 401 హైవే మీద గంటలు గడిపేవాళ్ళు. వీళ్ళకి ఆఫీసు నుంచి అప్పుడప్పుడూ ఒక సర్వే వస్తుంది. 'పనిలో మీరెలా ఉన్నారు' అని అడిగే ఆ ఫారాన్ని చాలామంది టీ తాగుతూ టకటకా నొక్కి పంపేస్తారు. ఇలాంటి సర్వేలకి పెద్దదిక్కు అనదగిన ఒక ప్రశ్నపత్రం ఉంది. దాని పేరు మాస్లాక్ బర్నౌట్ ఇన్వెంటరీ. దాన్ని తయారుచేసిన తీరు తీరిగ్గా చూడదగ్గది.

బర్నౌట్, అంటే పని ఒత్తిడితో మనిషి లోలోపల ఒట్టిపోవడం గురించి, 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాశాడు. న్యూయార్క్‌లోని ఉచిత క్లినిక్‌లో పనిచేసేవాళ్ళు క్రమంగా డీలాపడిపోవడం ఆయన కళ్ళారా చూశాడు. అయితే చూసింది వర్ణించడం వేరు, కొలవడం వేరు. కొలిచే పనిని కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో క్రిస్టినా మాస్లాక్, ఆమెతో కలిసి సూసన్ జాక్సన్ తలకెత్తుకున్నారు. మనుషులతో నేరుగా వ్యవహరించే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళతో మాట్లాడి, 47 వాక్యాలు కూర్చి, 605 మందికి ఇచ్చారు. వచ్చిన జవాబుల్ని బట్టి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, పనికిరానివి ఏరేసి 25కి తెచ్చారు. మరో 420 మంది మీద మళ్ళీ పరీక్షించారు. 1981లో అది అచ్చయింది. చివరికి మిగిలిన వాక్యాలు 22. సగానికి పైగా పారేశారన్నమాట. సొంతంగా రాసుకున్న వాక్యాన్ని కొట్టేయడం ఎంత కష్టమో రాసేవాళ్ళకి తెలుసు.

నాకు బాగా నచ్చింది జవాబుల కొలబద్ద. 'మీరు ఎంత అలసిపోయారు' అని అడిగితే ఒకరి 'చాలా', ఇంకొకరి 'చాలా' ఒకటి కావు. మనవాళ్ళలో నడవలేని స్థితిలో కూడా 'ఏం లేదులే, బాగానే ఉన్నాను' అనేవాళ్ళే ఎక్కువ. అందుకే ఇందులో అడిగేది 'ఎన్నిసార్లు' అని. ఎప్పుడూ లేదంటే 0, రోజూ అంటే 6. మధ్యలో ఏడాదికి కొన్నిసార్లు, నెలకోసారి, వారానికోసారి వంటి మెట్లు. వారం అందరికీ ఏడు రోజులే. మొదట్లో తీవ్రతని కూడా విడిగా అడిగేవారు. రెండు కొలతలూ దాదాపు ఒకే సంగతి చెబుతున్నాయని తేలాక తీవ్రతని తీసేశారు.

ఇక మార్కుల పద్ధతి. 22 వాక్యాల్లో 9 మానసికంగా ఒట్టిపోయిన భావన గురించి, 5 ఎదుటి మనిషిని మనిషిగా చూడలేకపోవడం గురించి, 8 తన పని వల్ల మేలు జరుగుతోందన్న నమ్మకం గురించి. చివరి ఎనిమిదీ తిరగేసినవి: వాటిలో మార్కులు తగ్గితేనే బెంగ. ఈ మూడింటినీ కలిపి ఒకే అంకె చేయకూడదన్నది నియమం. ఎంత సబబో చూడండి. ఒక నర్సు ఒళ్ళు హూనమయ్యేలా పనిచేస్తున్నా రోగి కోలుకుంటే పొంగిపోతుంది. మరో నర్సుకి అంత అలసట లేదు, కానీ రోగి ఆమెకి మంచం నంబరుగా మాత్రమే కనిపిస్తున్నాడు. మొత్తం కూడితే ఇద్దరికీ ఒకే అంకె రావచ్చు. ఇద్దరికీ కావలసిన సాయం మాత్రం ఒకటి కాదు.

ఫారం పేరులో బర్నౌట్ అన్న మాట లేకుండా జాగ్రత్తపడ్డారు. ఆ మాట చూస్తే జవాబు ముందే ఒకవైపు ఒరిగిపోతుంది. పైగా, తమ గురించి తాము చెప్పుకున్నది నిజమో కాదో పక్కవాళ్ళ సాక్ష్యంతో సరిచూశారు. 142 మంది పోలీసులు ఫారాలు నింపితే, వాళ్ళ భార్యల్ని విడిగా అడిగారు. అలసట మార్కులు ఎక్కువ వచ్చిన భర్త ఇంటికి కోపంగా, చిరాగ్గా వస్తున్నాడని భార్యలు చెప్పారు. కొలత నిలబడింది.

కెనడా పాత్ర ఇక్కడ మొదలవుతుంది. నోవా స్కోషియాలోని అకేడియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన మైకేల్ లైటర్, మాస్లాక్‌తో ఏళ్ళ తరబడి కలిసి పరిశోధించాడు. రోగులూ విద్యార్థులూ లేని ఉద్యోగాలకి, అంటే కోడ్ రాసేవాళ్ళకీ లెక్కలు చూసేవాళ్ళకీ, 1996లో ఇదే ప్రశ్నపత్రం 16 వాక్యాల రూపంలో వచ్చింది. అందులో మనుషుల మీద విముఖతకి బదులు పని మీద విముఖతని కొలుస్తారు. తర్వాత లైటర్, మాస్లాక్ పనిభారం, స్వేచ్ఛ, ప్రతిఫలం, తోటివారితో సంబంధం, న్యాయం, విలువలు అనే ఆరు విషయాల మీద మరో సర్వే తయారుచేశారు. ఉద్యోగి ఎలా ఉన్నాడని అడిగాక ఉద్యోగం ఎలా ఉందని కూడా అడగాలి కదా.

మాస్లాక్ ప్రశ్నపత్రం రూపకర్తల నిజాయితీకి అన్నిటికన్నా పెద్ద గుర్తు ఇంకొకటుంది. పాత మాన్యువల్‌లో మార్కుల్ని ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని మూడు వాటాలు చేశారు. జనం పై వాటాలో పడ్డవాళ్ళందరికీ 'బర్నౌట్ వచ్చింది' అని ముద్ర వేయసాగారు. ఆ గీతలకి రోగనిర్ధారణ విలువ లేదని గ్రహించి, తర్వాతి కూర్పులో వాటిని తీసేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో బర్నౌట్‌ని జబ్బుగా కాక ఉద్యోగానికి సంబంధించిన పరిణామంగానే పేర్కొంది.

లోటు లేదనను. మాస్లాక్ ప్రశ్నపత్రాన్ని డబ్బు కట్టి వాడుకోవాలి, చిన్న సంస్థలకి అది భారమే. డెన్మార్క్ పరిశోధకులు 2005లో ప్రకటించిన కోపెన్‌హేగన్ బర్నౌట్ ఇన్వెంటరీలో 19 ప్రశ్నలు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కోపెన్‌హేగన్ పేరుతోనే ఉన్న మరో పెద్ద ప్రశ్నావళి ఆధారంగా ఒంటారియో కార్మికుల వృత్తి ఆరోగ్య క్లినిక్‌లు, మిల్టన్‌కి దగ్గరలోనే ఉన్న హామిల్టన్‌లోని కెనడా వృత్తి ఆరోగ్య భద్రతా కేంద్రం కలిసి స్ట్రెస్‌అసెస్ అనే సర్వేని ఆన్‌లైన్‌లో పెట్టాయి.

ఈసారి మీ ఆఫీసు నుంచి ఇలాంటి ఫారం వస్తే రెండు సంగతులు అడిగి తెలుసుకోండి: జవాబులు ఎవరి కంటపడతాయి, ఫలితాలు వచ్చాక ఏం మారుస్తారు. సరైన సమాధానం దొరికితే, 'బాగానే ఉన్నాను' అన్న అలవాటు మాట పక్కన పెట్టి, ఉన్నది ఉన్నట్టు నింపండి.