డాక్టరుకూ రోగికీ నడుమ

అమెరికాలో 2023లో బీమా లేనివారు సుమారు 2.6 కోట్లమంది. వాళ్లను ఉచితంగా చూసే డాక్టర్లకు అక్కడ మరీ కరువేమీ లేదు. ఆ ఉదారతను ఒక వరుసలో పెట్టే మనుషులకే కరువు. నార్త్ కరోలినాలోని బన్‌కోంబ్ కౌంటీ వైద్యుల సంఘం 1996లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ యాక్సెస్ ఇందుకు మంచి సాక్ష్యం. ఏర్పాటంటూ లేకపోతే భారమంతా మెత్తని మనసున్నవారి మీదే పడుతుంది. అందుకని అక్కడ డాక్టర్లు ఏడాదికి ఇంతమందిని చూస్తామని ముందే మాటిచ్చారు. ఆసుపత్రులు తమ సేవలిచ్చాయి, కౌంటీ మందుల ఖర్చు పెట్టుకుంది. మిగిలిందంతా సమన్వయకర్తల పనితనం: ఆదాయపు కాగితాలు సరిచూడడం, వంతు ఎవరిదో చూసి రోగిని పంపడం, దుబాసీని కుదర్చడం, స్కాన్ రిపోర్టును రోగికంటే ముందే స్పెషలిస్టుకు చేర్చడం, ముందురోజు ఫోన్ చేసి వెళ్లడానికి బండి ఉందా అని అడగడం. ఈ చివరిది చిన్నపనిలా కనిపిస్తుంది గానీ, రోగులు రాక రెండుమూడుసార్లు సమయం వృథా అయితే ఏ డాక్టరు మాత్రం మాట మీద నిలబడతాడు?

ఇలాంటి దానం వైద్యం పొందే హక్కుకు అడ్డుపడదా అంటారు కొందరు. సందేహం న్యాయమైనదే, దీన్ని చూపించి చేతులు దులుపుకునే నాయకులు ఎక్కడైనా ఉంటారు. కానీ 2010లో బీమా చట్టం వచ్చినా, 2012 సుప్రీంకోర్టు తీర్పు పేదలకిచ్చే ప్రభుత్వ బీమా అయిన మెడికెయిడ్ విస్తరణను రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. నార్త్ కరోలినాలో అది 2023 డిసెంబరులో గానీ అమలుకు రాలేదు. పిత్తాశయంలో రాళ్లు శాసనసభ ఓటు కోసం ఆగవు కదా! పైగా ఎవరికి ఏ చికిత్స అందలేదో పేరుపేరునా లెక్క చెప్పగలిగేది ఈ సమన్వయకర్తలే. హక్కు అడిగేవారికి అంతకన్నా గట్టి ఆధారం దొరకదు. పత్రాలు లేని వలసదారుల్లో చాలామందికి అత్యవసర చికిత్స మినహా ఆ విస్తరణ వర్తించదు కాబట్టి, వాళ్ల కోసం ఫోన్లు చేసే పని ఇంకా మిగిలే ఉంది.