తల్లి బాల్యగాయం, బిడ్డ శరీరం: జీవవారసత్వ వాదంపై విమర్శనాత్మక పరిశీలన

‘ఆవు చేను మేస్తే దూడ గట్టున మేస్తుందా’ అన్న సామెతలో బిడ్డ నడతకు తల్లి నడతే ప్రమాణం. తల్లి బాల్యంలో అనుభవించిన కష్టం ఆమె సంతానానికి జీవపరంగా సంక్రమిస్తుందన్న నేటి వాదం ఈ పాత భావానికే శాస్త్రీయ రూపమా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

ఈ సందర్భంలో తరచుగా ఉదాహరించేది 2016లో రేచెల్ యెహూదా బృందం ప్రచురించిన పరిశోధన. నాజీల మారణహోమం నుండి బయటపడిన 32 మందిలోను, వారి సంతానం 22 మందిలోను ఎఫ్‌కేబీపీ5 జన్యువుపై ఉండే మిథైల్ గుర్తులను ఆ బృందం రక్తంలో పరిశీలించింది. పోలిక సమూహాలతో చూస్తే ఆ గుర్తులు తల్లిదండ్రులలో ఎక్కువగాను, సంతానంలో తక్కువగాను ఉన్నాయి. గుర్తు యథాతథంగా సంక్రమించినట్లయితే మార్పు రెండు తరాలలోను ఒకే దిశలో ఉండాలి. పైగా రక్తకణాలు బీజకణాలు కావు.

ఇంతకంటె బలమైన ఆధారం ఫిన్లాండ్ నుండి లభిస్తున్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అక్కడి నుండి సుమారు 49,000 మంది పిల్లలను స్వీడన్‌లోని పెంపుడు కుటుంబాలకు పంపారు. అట్లా వెళ్ళినవారి సంతానాన్ని, స్వదేశంలోనే ఉన్న వారి తోబుట్టువుల సంతానంతో 2018 నాటి అధ్యయనం పోల్చింది. బాల్యంలో పరదేశం వెళ్ళిన స్త్రీల కుమార్తెలలో మానసిక రుగ్మతలతో ఆసుపత్రిలో చేరే ముప్పు అధికమని తేలింది. వారి కుమారులలో గాని, వెళ్ళిన పురుషుల సంతానంలో గాని అది కనిపించలేదు.

ఈ ఫలితం సంబంధాన్ని నిరూపిస్తుందే తప్ప మార్గాన్ని నిరూపించదు. స్త్రీ అండకణాలు ఆమె పుట్టకముందే రూపొందుతాయి కనుక వాటిపై బాల్యకష్టం ప్రభావం చూపవచ్చు. గర్భధారణలో ఒత్తిడి హార్మోన్లూ కారణం కావచ్చు. పెంపకమూ కావచ్చు. ఆ పిల్లల్లో చాలామంది ఫిన్నిష్ భాషను మరచి తిరిగివచ్చారు. కన్నతల్లితో మాటే కుదరని బాలిక తరువాత తన కుమార్తెను ఎట్లా పెంచిందో ఆసుపత్రి నమోదులు చెప్పవు.

జీవపరమైనది మారనిదని భావించడం మరొక పొరపాటు. 2004లో వీవర్, మీనీ బృందం ఎలుకలపై చేసిన ప్రయోగంలో, పిల్లలను తల్లుల మధ్య మార్చినపుడు మిథైల్ గుర్తులు పెంచిన తల్లిని అనుసరించాయి. పెద్దయిన తరువాత ఔషధంతో వాటిని మార్చడమూ సాధ్యమైంది.

కాబట్టి ఈ పరిశోధనలను తల్లిపై తీర్పుగా చదవడం తగదు. ఫిన్లాండ్ బాలికలను ఇంటికి దూరం చేసినది యుద్ధం. ‘తల్లి నుండి సంక్రమణ’ అన్న పదబంధం ఆ కారణాన్ని మరుగుపరచి, గాయపడిన వ్యక్తినే దోషిగా నిలబెడుతుంది. సామెతలోని ఆవును నిందించే ముందు, దానికి మేత లేకుండా చేసినది ఎవరని అడగడం విమర్శ బాధ్యత.