ఏ దారికి ఏ కామ్

పోయిన నెల మా బుల్లెట్ కుడివైపు నుంచి చిన్న చప్పుడు మొదలైంది. పక్క గదిలో గోడగడియారం కొట్టుకుంటున్నట్టు టిక్ టిక్‌మని. పుష్‌రాడ్ సరిచేస్తే పోయేది. వంద కిలోమీటర్లు తిరక్కముందే మళ్లీ వచ్చేది. మూడుసార్లు అలా అయ్యాక బండిని విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్లాను. మేస్త్రి టైమింగ్ కవర్ విప్పి, ఎగ్జాస్ట్ కామ్ బయటకు లాగి, బనీను గుడ్డతో తుడిచి నా అరచేతిలో పెట్టాడు. ముక్కు మీద సన్నటి గుంటలు. దాని మీద నడిచే ట్యాపెట్ అడుగు అద్దంలా ఉండాల్సింది, అంచున పెచ్చు లేచిపోయి ఉంది.

"మార్చాల్సిందే బాబూ. కంపెనీదే వేద్దామా, స్పోర్ట్స్‌ది వేద్దామా?"

ఆ ప్రశ్న నన్నడగడం అది రెండోసారి. పన్నెండేళ్ల కిందట ఇదే ప్రశ్నకు నేను తొందరపడి జవాబిచ్చాను. అందుకే ఈసారి వారం గడువు అడిగి గుంటూరు వచ్చేశాను.

ఇది నాన్న 1979లో కొన్న బండి. ఇంగ్లండులోని రెడిచ్‌లో రూపుదిద్దుకున్న ఈ ఇంజన్, 1955లో అక్కడి కంపెనీ మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను ఏర్పరిచాక మనదైంది. రెడిచ్‌లో పని ఆగిపోయిన తర్వాత కూడా తిరువొత్తియూరులో దశాబ్దాలపాటు దాదాపు అదే ఇనుప ఇంజన్ తయారైంది. బోర్ 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 90. అంటే వెడల్పు కంటే పొడవెక్కువ. మొత్తం 346 సీసీ. ఈ పొడుగాటి స్ట్రోకూ, లోపల తిరిగే బరువైన ఫ్లైవీళ్లూ కలిసి ఆ ఇంజన్‌కు ఒక స్వభావాన్నిచ్చాయి. కామ్ ఎంచుకునేటప్పుడు మొట్టమొదట చూడాల్సింది ఆ స్వభావాన్నే. నేనప్పుడు చూడనిదీ అదే.

కామ్ చేసే పని చెప్పుకుంటే చిన్నదే. వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంత ఎత్తు లేవాలి, ఎప్పుడు మూసుకోవాలి అన్నది దాని ఆకారంలోనే రాసి ఉంటుంది. బుల్లెట్‌లో ఇన్‌లెట్‌కు ఒకటి, ఎగ్జాస్ట్‌కు ఒకటి, విడివిడిగా రెండు కామ్‌లు. ఒక్కొక్కటి తన పళ్లచక్రంతో తన ఇరుసు మీద తిరుగుతుంది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక్క చుట్టు. ఇంజన్ నిమిషానికి 5000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు నలభై ఒకటీ నలభై రెండు సార్లు లేచి కూర్చుంటుంది. అంత వేగంలో గాలికి తలుపు తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ మధ్య దొరికే వ్యవధి ఎంతన్నదే కామ్‌ల మధ్య తేడా.

ఒక కామ్‌లో ఇన్‌లెట్ వాల్వు, పిస్టన్ పైకొనకు చేరడానికి 30 డిగ్రీల ముందు తెరుచుకుని, కిందికొన దాటిన 60 డిగ్రీలకు మూసుకుంటుందనుకోండి. ముప్పై, నూట ఎనభై, అరవై కలిపితే 270 డిగ్రీలు. దాన్నే డ్యురేషన్ అంటారు. పిస్టన్ పైకి తిరిగొస్తున్నా వాల్వు ఇంకా తెరిచి ఉంచడమెందుకంటే, ఇంజన్ జోరుగా తిరిగేటప్పుడు లోపలికొచ్చే గాలికి కూడా ఊపు ఉంటుంది. పిస్టన్ ఎదురొస్తున్నా అది తోసుకుని వచ్చేస్తుంది. స్పోర్ట్స్ కామ్ ఈ మూసుకోవడాన్ని ఇంకా ఆలస్యం చేస్తుంది. పెద్ద స్పీడులో అది వరమే. నెమ్మదిగా వెళ్లేటప్పుడు గాలికి ఆ ఊపుండదు. పిస్టన్ దాన్ని వచ్చిన దారినే కార్బొరేటర్‌లోకి తిరిగి నెట్టేస్తుంది. నింపుకున్న మిశ్రమంలో కొంత పోయాక నొక్కడానికి మిగిలేది తక్కువ, కాబట్టి కంప్రెషనూ పడిపోతుంది. ఇక ఎగ్జాస్ట్ పూర్తిగా మూసుకోకముందే ఇన్‌లెట్ తెరుచుకుని ఉండే కాసేపు, అంటే ఓవర్‌లాప్ పెరిగితే, స్లోలో కాలిన పొగ కొత్త మిశ్రమంలో కలిసి ఇంజన్ తడబడుతుంది.

పన్నెండేళ్ల కిందట నాకు ఈ లెక్కలేవీ పట్టలేదు. హైవే మీద కొత్త బండ్లు దాటిపోతుంటే రోషంగా ఉండేది. అప్పుడు పనిచేసిన వేరే మెకానిక్‌తో పొడవు డ్యురేషన్ కామ్‌లు వేయించాను. హెడ్ అదే, కార్బొరేటర్ అదే, పిస్టన్ అదే. ఒక్క కామ్‌లు మాత్రం కొత్తవి. చిలకలూరిపేట వైపు నాలుగో గేరులో పూర్తి థ్రాటిల్ ఇస్తే నిజంగానే పికప్ పెరిగింది. నాలుగు రోజులు సంతోషంగా తిరిగాను. ఆ తర్వాతి వారం వినుకొండ, మార్కాపురం మీదుగా శ్రీశైలం బయలుదేరాను. దోర్నాల దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక బండిలో పుల్లింగ్ లేదు. నాన్నను వెనక కూర్చోబెట్టుకుని ఇంతకుముందు మూడో గేరులో దడ్ దడ్‌మంటూ ఎక్కిన మలుపుల్లో రెండో గేరుకు దిగాల్సి వచ్చింది. థ్రాటిల్ తగ్గిస్తే దగ్గు, పెంచితే అరుపు. వెనకనుంచి నాన్న ఒక్కమాటే అన్నారు: "గొంతు మారిపోయిందిరా దీనికి." ఆ మాట నాకింకా వినిపిస్తూనే ఉంది.

తర్వాత తెలిసింది ఇంకోటి. ఆ కామ్ తన సత్తా చూపించే స్పీడు, ఈ ఇంజన్ ఎముకలు భరించే స్పీడు కాదు. స్ట్రోక్ 90 మిల్లీమీటర్లు కాబట్టి 5000 చుట్ల దగ్గర పిస్టన్ సగటున సెకనుకు 15 మీటర్లు ప్రయాణిస్తుంది. పైగా ఆ కాలపు బుల్లెట్‌లో బిగ్ ఎండ్ దగ్గర రోలర్ బేరింగ్ లేదు, నూనె పొర మీద తేలుతూ తిరిగే బుష్ ఉంటుంది. మధ్య స్పీడులో నూనె పోస్తూ ఉంటే ఏళ్లకేళ్లు నడిచే బుష్ అది. దాన్ని రోజూ పై చుట్లలో పరుగెత్తించమనే కామ్ ఈ ఇంజన్‌కు చుట్టం కాదు. హెడ్ పోర్టులు, కార్బొరేటర్, కంప్రెషన్, బిగ్ ఎండ్ అన్నీ మార్చి రేసుకు కట్టే ఇంజన్ వేరు. దానికి ఆ కామ్ న్యాయమే. నా బండికి కాదు. ఆరు నెలల్లో పాత కామ్‌లు మళ్లీ వేయించాను.

ఆ పాత కామే ఇప్పుడు గుంటలు పడింది. ఎందుకు పడిందో మేస్త్రి చెప్పినప్పుడు నాకు కష్టంగా అనిపించింది, ఎందుకంటే అందులో నా చెయ్యుంది. ఒక్కో దెబ్బా లెక్కపెట్టుకునేలా మోగాలని నేను స్లో బాగా తగ్గించి పెట్టుకునేవాణ్ని. కామ్ ముక్కు మీద స్ప్రింగు బరువు ఎక్కువగా పడేది నెమ్మదిగా తిరిగేటప్పుడే. వేగంలో వాల్వు ఊపు ఆ బరువును కొంత తేలిక చేస్తుంది. ఆయిల్ పంపు కూడా క్రాంకు చివరి వార్మ్ తిప్పితేనే తిరుగుతుంది కాబట్టి క్రాంకు నిదానిస్తే నూనే నిదానిస్తుంది. బరువు ఎక్కువైన వేళలోనే తడి తక్కువ. బుల్లెట్ ప్రేమికులందరికీ ఇది గట్టిగా చెప్పాలని ఉంది: స్లో కొంచెం పెంచుకోండి. ఆ శబ్దం కోసం కామ్‌ను తినేయకండి.

వారం తర్వాత వెళ్లి కంపెనీ లెక్కల కామ్‌లే వేయమన్నాను. మేస్త్రి తల ఊపి, "ట్యాపెట్లు కూడా కొత్తవే. పాత చెప్పుతో కొత్త కామ్‌ను తొక్కించకూడదు" అన్నాడు. పాత కామ్‌కు వెల్డింగ్ నింపి రుద్దించే ఆలోచన కూడా చేశాను. అరిగిన బండ్ల విషయంలో నాకు పారేయడం కంటే బాగుచేయడమే ఇష్టం. కానీ ఆ రుద్దుడు ఆకారంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా వాల్వు నెమ్మదిగా కూర్చోదు, దబ్బున పడుతుంది. అంత కచ్చితంగా రుద్దే చోటు మాకు దగ్గర్లో దొరకలేదు.

పళ్లచక్రాల మీది చుక్కలు ఒకదానికొకటి ఎదురుగా పెట్టాం. చుక్కలను నమ్మి కవర్ మూసేసేవాళ్లు చాలామంది. మేము క్రాంకుకు డిగ్రీల చక్రం కట్టి, వాల్వు మీద డయల్ గేజ్ పెట్టి, తెరుచుకోవడం మూసుకోవడం కాగితం మీద రాసుకున్నాం. పిస్టన్ నెత్తిన పిల్లలు ఆడుకునే క్లే ముద్ద పెట్టి, ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, హెడ్ విప్పి వాల్వు పడిన అచ్చు మందం కొలిచాం. సందు రెండు మిల్లీమీటర్ల పైనే ఉంది. మధ్యాహ్నం మూడు గంటలు పట్టిన పని అది. కామ్‌లకు మాలీ పేస్టు పూసి, కవర్ బిగించి, కిక్ కొట్టగానే స్లోకు రానివ్వకుండా ఇరవై నిమిషాలు ఒకే మోస్తరు స్పీడులో ఉంచాం. కొత్త కామ్, కొత్త ట్యాపెట్ ఒకదాన్నొకటి నునుపు చేసుకునేది ఆ ఇరవై నిమిషాల్లోనే. ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి ఇద్దరం పక్కనే నిలబడ్డాం. మాటల్లేవు.

మర్నాడు తెల్లవారుజామున, ఇంజన్ పూర్తిగా చల్లారాక, ఇంటి ముందు స్టాండు వేసి ట్యాపెట్ కవర్ తీశాను. పిస్టన్‌ను కంప్రెషన్ పైకొనకు తెచ్చి, రెండు వేళ్లతో పుష్‌రాడ్ తిప్పి చూశాను. సులువుగా తిరిగింది. పైకీ కిందకీ లాగితే కదల్లేదు. కవర్ బిగించి, స్లో స్క్రూ అరచుట్టు లోపలికి తిప్పి, దోర్నాలకు బయలుదేరాను.