కణత్వచమును గణించుట: బెంగుళూరు పరిశోధనలపై ఒక విమర్శ

జీవకణమునకు త్వచము గోడ వంటిదని చెప్పుట పరిపాటి. ఆ యుపమానము సగమే సత్యము. గోడ కదలదు, త్వచము కదలును. రెండు వరుసల క్రొవ్వు అణువులతో నేర్పడి, నూనెవలె జారుచు, మాంసకృత్తులను తనలో తేల్చుకొను ఈ పొరయొక్క మందము మీటరులో నూరుకోట్లవ వంతులు నాలుగైదు మాత్రమే. ఈ స్వరూపమును 1972లో సింగర్, నికల్సన్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. ఇంత సన్నని చోట మాంసకృత్తు ఎట్లు దిగునో, ఎట్లు రూపు మార్చుకొనునో సూక్ష్మదర్శిని పూర్తిగా చూపజాలదు. ఆ కొరతను తీర్చుటకు కంప్యూటరు గణనము వచ్చినది. అది చెప్పు మాటను ఎంతవరకు విశ్వసింపవచ్చుననునదే ఇచట విచార్యాంశము.

ఈ విద్యకు మన దక్షిణదేశమున పునాది కలదు. మాంసకృత్తు గొలుసు ఏయే కోణములలో మలగవచ్చునో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్‌లు లెక్కగట్టి పటముగా చూపిరి. రామచంద్రనే 1971లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో అణు జీవభౌతిక విభాగమును నెలకొల్పెను. ఆ పటము నిశ్చలము. నేటి గణనము చలనమును గూడ లెక్కించును. ప్రతి పరమాణువుపై పనిచేయు బలములను గణించి, న్యూటను సూత్రముల ననుసరించి దానిని రవంత జరుపును. ఆ అడుగులు ఎంత చిన్నవనగా, సెకనులో పదిలక్షలవ వంతు కాలమును దాటుటకు సుమారు 50 కోట్ల అడుగులు వేయవలయును.

అదే సంస్థకు చెందిన ప్రదీప్ సత్యనారాయణ, రాహుల్ రాయ్, గణపతి అయ్యప్ప ప్రభృతులు 2018లో ప్రకటించిన పరిశోధన ఇందుకు మంచి ఉదాహరణము. సైటోలైసిన్-ఎ అను బాక్టీరియా విషము త్వచముపై వ్రాలి, రూపు మార్చుకొని, పన్నెండు అణువులు వలయముగా కూడి రంధ్రము చేయును, కణము నశించును. త్వచమున కొలెస్టరాలున్నచో ఈ క్రియ హెచ్చును. విషము ఎక్కువగా అంటుకొనుటవలన గాదు. రూపు మారిన అణువును, అణువుల నడుమ కూడికను కొలెస్టరాలు నిలబెట్టుటవలన అని వారు తేల్చిరి. అంటుకొనుట హెచ్చలేదని ప్రయోగము చెప్పినది. నిలుకడకు కారణమేమో గణనము సూచించినది. ఒకటి లేనిదే రెండవది అసంపూర్ణమై యుండెడిది. ఈ పరిశోధనయొక్క బలము ఇదియే.

అయినను పాఠకుడు జాగరూకుడు కావలయును. పన్నెండు అణువులు ఒక్కొక్కటిగా వచ్చి వలయమగుటకు పట్టు కాలము, పరమాణుస్థాయి గణనమునకు అందు కాలముకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. కావున గణకుడు కథలో కొన్ని ఘట్టములను మాత్రమే ఎన్నుకొని చూపును. ఎన్నిక గణకునిది, ప్రకృతిది కాదు. అదియునుగాక, గణనములోని త్వచమున రెండుమూడు క్రొవ్వులే యుండుట పరిపాటి. సజీవ త్వచమున వందల రకములు కలవు, దాని రెండు వరుసలును ఒక్క తీరువి కావు.

ఈ రెండవ లోపమును గుర్తించిన కృషియు బెంగుళూరులోనే జరిగినది. జాతీయ జీవవిజ్ఞాన కేంద్రమునకు చెందిన సత్యజిత్ మేయర్, మదన్ రావు ప్రభృతులు 2015లో ప్రకటించిన పరిశోధనలో, బయటి వరుసను పట్టుకొన్న మాంసకృత్తుల గుంపులకు లోపలి వరుసలోని ఫాస్ఫటిడిల్ సెరీన్ అను క్రొవ్వుతో సంబంధము కలదని చూపిరి. ఇచటను జీవకణములపై ప్రయోగము, పరమాణు గణనము చేయి కలిపినవి.

లక్ష్యము ననుసరించి లక్షణము ఏర్పడవలెనని మన వ్యాకర్తల నియమము. వాడుకలో లేని రూపమును సూత్రము సృష్టింపరాదు. కంప్యూటరులోని త్వచము లక్షణము. కణములోని త్వచము లక్ష్యము. తెరపై రంగురంగులుగా కదలు బొమ్మ, కన్నులార చూచినట్లే తోచును. కాని అది కన్నది కాదు, లెక్కించినది. విషములకు విరుగుడులను, నూతనౌషధములను ఈ మార్గమున వెదకువారు కలరు గనుక ఈ భేదము పండితుల వివాదము మాత్రమే కాదు. దీనిని మరచినచో నష్టపోవునది రోగియే. ఏ గణనమునైనను ‘దీనిని ఏ ప్రయోగము తప్పని తేల్చగలదు?’ అని ప్రశ్నింపవలయును. ఆ ప్రశ్నకు నిలిచినదే శాస్త్రము.