తీగ తెగినా నిలిచే పాట

జపాన్ హైస్కూళ్లలో ఏటా జరిగే సాంస్కృతికోత్సవాన్ని బుంకసాయ్ అంటారు. ఎక్కువ బడుల్లో అది శరదృతువులో వస్తుంది. ఒకటి రెండు రోజులు బడి మొత్తం తిరనాళ్లలా మారిపోతుంది. తరగతి గదుల్లో టీ దుకాణాలు, దెయ్యాల కొంపలు వెలుస్తాయి. వ్యాయామశాల వేదిక మీద లైట్ మ్యూజిక్ క్లబ్బు పిల్లలు గిటార్లు తగిలించుకుని నిలబడతారు. వాళ్లకు దొరికేది కొద్ది నిమిషాలు, అందులో పట్టేవి రెండు మూడు పాటలు. వాటిని ఎంచుకోవడానికి జరిగే తగవు మాత్రం సాధన కన్నా పెద్దది. యానిమే పాటలే వాయిద్దామని ఒప్పుకున్నాక కూడా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది: అందరూ గుర్తుపట్టే పాటా, మన చేతుల్లో ఇమిడే పాటా?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మూడు పాటలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. 'గాడ్ నోస్', 'ఫువా ఫువా టైమ్', 'సేయిజా ని నారెతారా'. ఈ మూడూ యానిమే కథల్లో బడి ఉత్సవం వేదిక మీదే వినిపిస్తాయి. మూడు కథల్లోనూ కచేరీకి ఏదో ఒక ఆటంకం వస్తుంది. ఆ ఆటంకాన్ని పాట ఎలా తట్టుకుందో చూస్తే, నిజమైన విద్యార్థి బృందానికి ఏది సరిపోతుందో తెలుస్తుంది.

మొదటిది 2006 నాటిది. క్యోటో యానిమేషన్ తీసిన 'ది మెలాంకలీ ఆఫ్ హరుహి సుజుమియా'లో 'లైవ్ అలైవ్' అనే ఎపిసోడ్ ఉంది. ఎనోజ్ అనే సీనియర్ల బృందంలో గాయని, గిటారిస్టు ఉత్సవానికి ముందు అనారోగ్యంతో, గాయంతో తప్పుకుంటారు. హరుహి మైకు ముందుకు వస్తుంది, ఆమె తోటి విద్యార్థిని నాగతో యూకి లీడ్ గిటార్ అందుకుంటుంది. కోసాకి సతోరు స్వరపరచిన పాటను హరుహి పాత్రధారిణి హిరానో ఆయా పాడింది. గిటార్ మొదటి క్షణం నుంచే పరుగు తీస్తుంది. గొంతు పైస్థాయిలో నిలబడి, దిగకుండా వాదిస్తున్నట్టు సాగుతుంది. వేళ్ల కదలికనూ వినిపించే స్వరాన్నీ జత చేసి గీసిన తీరు వల్ల ఆ సన్నివేశం నేటికీ పాతబడలేదు.

అయితే కథలో నాగతో మనిషి కాదు. భూమికి ఆవలి శక్తి తయారుచేసి పంపిన రూపం. పెద్దగా సాధన లేకుండానే ఆ గిటార్‌ను తడబడకుండా వాయించగలిగింది అందుకే. అంటే ఇద్దరు లేని లోటును పూడ్చడానికి కథకుడు మానవాతీత శక్తిని పిలవాల్సి వచ్చింది. పాట ఎంత గొప్పదో, విద్యార్థులకు అది ఎంత ప్రమాదకరమో ఈ ఒక్క ఏర్పాటులోనే కనిపిస్తుంది.

మూడేళ్ల తరువాత, 2009లో అదే స్టూడియో 'కె-ఆన్!' తీసింది. దర్శకురాలు యమదా నవోకో. ఇక్కడ పిల్లలు సాధన కన్నా కేకులు, టీ దగ్గరే ఎక్కువసేపు గడుపుతారు. తొలి ఉత్సవంలో గిటార్ వాయిస్తూ పాడాల్సిన యుయికి వచ్చిన చిక్కు ఏ కొత్త బృందానికైనా తెలిసిందే. పాడితే వేళ్లు ఆగుతాయి, వాయిస్తే నోరు ఆగుతుంది. రెండూ కలిపి చేయడానికి మరీ గట్టిగా సాధన చేసి గొంతు పోగొట్టుకుంటుంది. చివరికి, పదిమంది ముందు నిలబడాలంటేనే వణికే బాస్ వాయిద్యకారిణి మియో పాడాల్సి వస్తుంది. పాడుతుంది, పాట నిలుస్తుంది.

'ఫువా ఫువా టైమ్'ను గాయని మారినా కూలిపోనట్టుగా కట్టారు. గిటార్ రిఫ్ సూటిగా ఉంటుంది. కీబోర్డు, బాస్, డ్రమ్స్ తలా కాస్త బరువు మోస్తాయి. పల్లవిలో పాట పేరును మిగతావాళ్లు వంత పాడతారు కాబట్టి మైకు ముందున్న పిల్ల ఒంటరి కాదు. సాహిత్యం వలపులో పడ్డ పిల్ల డైరీలా తీపిగా ఉంటుంది. కథలో దాన్ని రాసింది మియోనే. పెద్దలు నవ్వుకునేంత అమాయకత్వం అందులో ఉంది. కానీ ఆ వయసు పిల్ల ఆ వయసు పిల్లల ముందు పాడేటప్పుడు అది లోపంగా వినిపించదు. 'గాడ్ నోస్' విన్న శ్రోత ఆశ్చర్యపోతాడు, 'ఫువా ఫువా టైమ్' విన్న శ్రోత తానూ చేయగలనేమో అనుకుంటాడు. బడి వేదికకు ఈ రెండో స్పందనే ఎక్కువ విలువైనది.

2022లో క్లోవర్‌వర్క్స్ నుంచి వచ్చిన 'బొచ్చి ద రాక్!' ఈ రెండింటి మధ్య దారి తీసింది. నలుగురితో మాట్లాడలేని గోతో హితోరి ఇంట్లో గదిలో ఒంటరిగా గిటార్ నేర్చి దిట్ట అయింది. చివరి ఎపిసోడ్‌లో ఆమె బడి ఉత్సవంలో ఆమె బృందం కెస్సోకు బ్యాండ్ రెండు పాటలు వాయిస్తుంది. రెండోదే 'సేయిజా ని నారెతారా'. పాట మధ్యలో హితోరి గిటార్ తీగ తెగిపోతుంది, మరో తీగ శ్రుతికి రాదు. సోలో దగ్గర పడుతోంది. అప్పుడు పాడుతున్న కితా తన రిథమ్ గిటార్‌తోనే ఆ ఖాళీని పూరించి స్నేహితురాలికి సమయం సంపాదిస్తుంది. ఈలోగా హితోరి అక్కడ దొరికిన మద్యం కప్పును తీగల మీద జార్చి స్లైడ్ పద్ధతిలో సోలో పూర్తి చేస్తుంది.

చూడటానికి ఇది హితోరి ప్రతిభ కథ. నా దృష్టిలో ఆ సన్నివేశం కితాది. మొదట గిటార్ రాకుండానే వచ్చునని చెప్పి బృందంలో చేరి, భయపడి పారిపోయిన పిల్ల ఆమె. నెలల సాధన తరువాత దిట్టను కాపాడే స్థితికి వచ్చింది. నాగతో చేసిన పనిని ఇక్కడ ఒక మామూలు పిల్ల చేసింది. అది సాధ్యమయ్యేలా పాటలో రెండో గిటార్‌కు సొంత చోటు ఉంది.

అలాగని దీన్ని తేలిక పాట అనుకోకూడదు. 'గాడ్ నోస్' కష్టం వేగంలో, ఎత్తులో ఉంది. అది వినగానే తెలిసిపోతుంది. 'సేయిజా'ది దాగున్న కష్టం. ఫంక్ పోకడలో తీగను కోస్తున్నట్టు పొట్టిగా మీటే గిటార్, దానితో ఊగే బాస్. డ్రమ్స్ ఒక్క పిసరు తొందరపడితే ఊపు చచ్చిపోయి, స్వరాలు మాత్రం సరిగ్గా మిగులుతాయి. వేగం లేని పాట కదా అని చేపట్టిన బృందాలు బోల్తాపడేది ఇక్కడే. 'ఫువా ఫువా టైమ్'లో కొద్దిపాటి తొందర ఉత్సాహంగా చెల్లిపోతుంది, 'సేయిజా'లో చెల్లదు.

ఇక అందరికీ తెలిసిన పాటల సంగతి. 1995 నాటి 'ఇవాంజెలియన్' ఓపెనింగ్ పాటను, 2023లో 'ఓషి నో కో' కోసం యోఆసోబి చేసిన 'ఐడల్'ను మొదలుపెట్టగానే చప్పట్లు మోగుతాయి. ఆ చప్పట్లను నిలబెట్టుకోవడమే కష్టం. టీవీలో ఓపెనింగ్ నడిచేది సుమారు ఒకటిన్నర నిమిషం. శ్రోతలకు నోటికి వచ్చేది ఆ భాగమే. మిగతా చరణాల్లో సభ మౌనంగా వింటుంది, ఆ మౌనంలో తప్పులు స్పష్టంగా వినబడతాయి. పైగా 'ఐడల్' కంప్యూటర్ మీద పొరలు పొరలుగా పేర్చిన సంగీతం. నాలుగు వాద్యాలతో దాన్ని యథాతథంగా తేవాలనుకుంటే సగం పొరలు రాలిపోతాయి. పైన చెప్పిన మూడూ బృందం వాయించడానికని కట్టినవి కాబట్టి వాటికి ఆ బెడద లేదు.

పాటలుగా తూచితే 'గాడ్ నోస్'దే పైచేయి. ఆ ఉద్వేగం మిగతా రెండింటికీ లేదు. అయినా అది ఒక గొంతు మీద, ఒక గిటార్ మీద నిలబడిన పాట. ఆ ఇద్దరిలో ఎవరు తడబడినా మొత్తం పడిపోతుంది. విచిత్రంగా ఆ ఎపిసోడే ఈ మాటను సమర్థిస్తుంది. కచేరీ తరువాత ఎనోజ్ అమ్మాయిలు వచ్చి కృతజ్ఞతలు చెబితే హరుహి కుదురుగా ఉండలేకపోతుంది. ఆ పాట వాళ్లది, తాను పాడింది వాళ్లకు బదులుగా. ఆ సంగతి మనసులో మెదిలినట్టే ఉంటుంది ఆమె తీరు.

కాబట్టి నా తీర్పు ఇది. తొలిసారి వేదిక ఎక్కే బృందం 'ఫువా ఫువా టైమ్'తో మొదలుపెట్టాలి. ఏడాది పాటు కలిసి వాయించి, లయ కుదిరి, ఇద్దరు గిటారిస్టులున్న బృందానికి 'సేయిజా ని నారెతారా' అన్నిటికన్నా మంచి ఎంపిక. 'గాడ్ నోస్' కావాలంటే ఆ గొంతు, ఆ వేళ్లు బృందంలో ఇప్పటికే ఉండాలి, ఉత్సవం నాటికి వస్తాయిలే అనుకుంటే కుదరదు. పాట ఖాయం చేసే ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. సాధనలో ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టి మిగతావాళ్లు పాటను చివరిదాకా నడిపించగలరేమో చూడండి. నడిపించగలిగితే ఆ పాట మీదే.