ఉపస్థాయకుడు

అశ్వఘోషుని బుద్ధచరితం తృతీయ సర్గలో రాజకుమారుని రథానికి ఎదురుపడిన వ్యాధిగ్రస్తుణ్ణి మనమందరం ఎరుగుదుము. ఉబ్బిన కడుపు, ఎగశ్వాస, సడలిన భుజాలు. తల్లిని పిలుస్తూ మూలుగుతున్నాడు. కవి అక్కడ ఒక చిన్నమాట వేసినాడు: ఆ రోగి మరొకనిపై ఆనుకొని ఉన్నాడు. ఆ మరొకడెవడు? రాజకుమారుడు అడుగలేదు, సారథి చెప్పలేదు. రథం మరలిపోయినది. తిరుపతి వేంకటకవుల బుద్ధచరిత్రము మొదలుకొని తెలుగులో వెలసిన బౌద్ధకావ్యాలు చదివినవారి మనస్సులో నిలిచేది సిద్ధార్థుని నిర్వేదమే. రోగి దానికొక విభావం. అంతటితో అతని పని తీరినది. ఆ రాత్రి అతనికి గంజి పోసినదెవరని విచారించిన కవిని నేనెరుగను.

వినయపిటకం విచారించినది. మహావగ్గంలో ఒక కథ ఉన్నది. అతిసారం సోకిన భిక్షువు ఒకడు తన మలమూత్రాలలోనే పడి ఉన్నాడు. అతడు ఎవరికీ ఉపకరించినవాడు కాడు గనుక తోడివారు అటు చూడలేదు. బుద్ధుడు ఆనందునిచేత నీరు తెప్పించి తాను పోయగా, ఆనందుడు కడిగినాడు. తలవైపు ఒకరు, కాళ్లవైపు ఒకరు పట్టి మంచంపై చేర్చినారు. పిమ్మట సంఘాన్ని పిలిచి, ఇల్లు విడిచివచ్చినవారికి ఒకరికొకరే దిక్కనీ, తనకు సేవ చేయగోరువారు రోగికి చేయవలెననీ శాసించినాడు. మంచి పరిచర్యకునికి అయిదు లక్షణాలు అక్కడే చెప్పబడినవి: మందు కూర్చగల నేర్పు, పథ్యాపథ్యజ్ఞానం, లాభాపేక్ష లేని మైత్రి, మలమూత్రాలను వాంతిని ఎత్తిపోయుటకు ఏవగించుకొనకుండుట, మంచిమాటలతో రోగికి ఉత్సాహం కలిగించుట.

నాలుగవ లక్షణం సాహిత్యవిమర్శకు ముఖ్యం. మన ఆలంకారికులు శోకాన్ని కరుణానికి, జుగుప్సను బీభత్సానికి స్థాయిగా చెప్పి రెంటినీ వేరుపరచినారు. నాటకశాలకు ఆ విభాగం చాలును. రోగిశయ్య దగ్గర నిలువదు. జుగుప్సను దాటనివాని శోకం గుమ్మం వద్దనే ఆగిపోతుంది. కరుణరసం సహృదయుని కన్నీటితో పరిపూర్ణం. బౌద్ధుల కరుణ పరదుఃఖాన్ని తొలగించవలెనన్న సంకల్పం. పని జరిగితేగాని అది తీరదు. రెంటికీ ఒకే మాట ఉండుటచేత మనం మొదటిదానితో తృప్తిపడినాము. (భవభూతిని ఇందుకు తప్పుపట్టను, ఆయన చేయదలచినది వేరు.)

మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన తెలుగువారు వేలకొలది గల సూరత్ నగరం ఈ భేదాన్ని ప్రత్యక్షంగా చూచినది. 1994 సెప్టెంబరులో ఇక్కడ ఊపిరితిత్తుల ప్లేగు పొడసూపగా కొలది దినాలలో లక్షలాది జనం ఊరు విడిచినారు. ప్రైవేటు వైద్యులు పలువురు తలుపులు మూసినారు. వెళ్లినవారికి జాలి లేదని ఎట్లనగలము? భయం సహజం. అయినా రోగుల మంచాల పక్కన ఉన్నది, సివిల్ ఆసుపత్రిలో నిలిచిపోయిన వైద్యులు, నర్సులు, ఊడ్చేవారు.

ఈ నగరానికి ఖంభాత్ సింధుశాఖ ఆవల సౌరాష్ట్రం. బోధిచర్యావతారం వ్రాసిన శాంతిదేవుడు అక్కడి రాజకుమారుడని టిబెట్ చరిత్రకారులు చెప్పుకొన్న మాట. ఆయన తన గ్రంథం మూడవ పరిచ్ఛేదంలో, రోగులకు తాను మందు కావలెనని, వైద్యుడు కావలెనని కోరి, అక్కడ ఆగక, రోగం మరల రానంతవరకు ‘ఉపస్థాయకుడు’ కూడ కావలెనన్నాడు. ఈ పదాన్ని తెనిగించుట కష్టం. సేవకుడంటే జీతం స్ఫురిస్తుంది, పరిచారకుడంటే అంతఃపురం. పదానికి అర్థం, దగ్గర నిలిచేవాడని మాత్రమే. జ్వరపడిన బిడ్డను తల్లి ‘కనిపెట్టుకొని ఉన్నది’ అని మన ఇండ్లలో అంటారు. అంతకంటె సరియైన తెలుగు నాకు దొరకలేదు. అశ్వఘోషుడు పేరు చెప్పక విడిచిన ఆ మరొకడు ఇట్లు కనిపెట్టుకొని ఉన్నవాడే.

తెలుగుకవి ఇందుకు పొరుగుకు పోనక్కరలేదు. శాతవాహన ప్రభువుకు వ్రాసినదని ప్రతీతి గల నాగార్జునుని రత్నావళిలో, దర్శనచర్చ నడుమ, చలిపందిళ్ల వద్ద బాటసారులకై ఉంచవలసిన వస్తువుల పట్టీ ఒకటి ఉన్నది: చెప్పులు, గొడుగులు, నీరు వడకట్టు సాధనం, సూది, దారం, విసనకర్ర, త్రిఫలాలు, నేయి, తేనె, కంటిమందు, విషానికి విరుగుడు, ముల్లు తీసే శ్రావణం. ఆచార్యుడు వీటిని వరుసగా లెక్కించినాడు. ఉపమానం ఒక్కటి వేయలేదు.