ఆరామశబ్దము – భీమేశ్వరాలయములు

పంచారామములని ప్రసిద్ధికెక్కిన శివక్షేత్రములలో దాక్షారామము, కుమారారామము, సోమారామము, క్షీరారామము అను నాలుగును గోదావరీ ప్రాంతమున నున్నవి; అమరారామ మొక్కటియే కృష్ణాతీరమునఁ గలదు. ఇవి యన్నియుఁ బూర్వము బౌద్ధవిహారములని కొందఱు చరిత్రకారులు వ్రాసియున్నారు. వారికి ముఖ్యాధారము ఆరామశబ్దము. ఆ శబ్ద మింతటి భారమును మోయఁగలదా యనునది విచార్యము.

ఆఙ్పూర్వకమగు రమధాతువునకు అధికరణార్థమున ఘఞ్ ప్రత్యయము రాఁగా నీ శబ్దము సిద్ధించును. ఎచ్చట జనులు విహరింతురో యది యారామము. బౌద్ధుఁడని ప్రసిద్ధికెక్కిన అమరసింహుఁడు సైతము దీనిని ఉపవనవాచకముగానే పఠించెను. భిక్షునివాసమునకు నీ పేరు గలుగుట నిక్కమే. కాని యది యొక యర్థము మాత్రమే. అనేకార్థక శబ్దమునకుఁ బ్రకరణమే నిర్ణాయకము; ఇచ్చటఁ బ్రకరణ మనఁగా శిలలు.

అమరావతియం దట్టి ప్రకరణము గలదు. అమరేశ్వరాలయ సమీపముననే మహాచైత్యముండెను. 1797లో మెకంజీ దానిఁ జూచెను. దాతల పేళ్లుగల శాసనములును దొరకినవి. అచ్చటి బౌద్ధసంబంధము శిలలచే సిద్ధించినది, శబ్దముచేఁ గాదు.

దాక్షారామ కుమారారామముల ఆలయములు రెండంతస్తులవి. లింగము క్రిందియంతస్తున మొదలై పైయంతస్తునకు లేచియున్నది. అభిషేకము పైనుండి జరుగును. ఈ పొడవైన లింగములు చైత్యస్తంభములే యని యొక యూహ. సోమారామమున నన్ననో, పైయంతస్తున అన్నపూర్ణ వెలసియున్నది. లింగము క్రిందనే కలదు. క్షీరారామలింగమును బొట్టిదే. శబ్ద మైదింటికిని సమానము, రూపము సమానము గాదు. అట్టిచో శబ్దమునుండి రూపమును సాధించు టెట్లు?

భీమేశ్వరనామము తీరు వేఱు. ఈ రెండాలయములను 892లోఁ బట్టమునకు వచ్చిన చాళుక్యభీముఁడు గట్టించెనని ప్రసిద్ధి. స్థాపకుని పేరునకు ఈశ్వరశబ్దమును జేర్చుట దక్షిణాపథమున నాచారము. తంజావూరి రాజరాజేశ్వరము నిదర్శనము. ఆలయముల రెంటి పోలికయు నీ ప్రసిద్ధికిఁ దోడగుచున్నది.

శబ్దమాత్రమును నమ్మినచో నెంతటి చిక్కు గలుగునో దాక్షారామనామమే చాటుచున్నది. దక్షసంబంధి దాక్షము. శ్రీనాథుఁడు భీమేశ్వరపురాణమున, కాశిని విడిచిన వ్యాసుని దాక్షారామమునకే కొనివచ్చెను. వ్యవహారమున రేఫము చేరి యది ద్రాక్షారామమైనది. రేఫముఁ జూచి యచ్చట ద్రాక్షతోఁటలుండెనని వాదించుటయు, ఆరామశబ్దముఁ జూచి విహార ముండెనని వాదించుటయు నొక్కతీరే. ఆలయమున నాలుగువందలకు దగ్గఱగా శాసనములు గలవు. వానిని జదువక నిఘంటువును మాత్రము విప్పి చరిత్ర చెప్పుట తగదు. శబ్దము సందేహమును బుట్టింపవచ్చును. దానిఁ దీర్పవలసినది శిల.